మిషన్ తప్పుకు మనమెందుకు జరిమానా కట్టాలి?



మీ ఊర్లో సిగ్నల్ ఎక్కడ వస్తుంది? ఈ మాట పట్నంలో అడిగితే నవ్వుతారు. మనల్ని అడిగితే టక్కున చెప్తాం. బడి వెనక చింతచెట్టు కింద. వాగు దాటినంక మలుపు దగ్గర. వాటర్ ట్యాంకు మెట్ల మీద. మా గుంపుకైతే గుట్ట మీద ఒక బండ ఉంది. దానికి మా తాతలు పెట్టిన పేరు వేరే ఉండేది. ఇప్పుడు పిల్లలకు ఆ పేరు తెలియదు. అందరూ 'సిగ్నల్ బండ' అనే అంటారు.

2025 ఎండాకాలంలో మా అమ్మ ఉపాధి పనికి పోయింది. పొద్దున ఆరింటికే గడ్డపార పట్టుకుని బయల్దేరేది. ఉపాధి పనిలో అప్పుడు హాజరు పుస్తకంలో రాసేవాళ్లు కాదు కదా. మేట్ ఫోన్‌లో ఎన్ఎంఎంఎస్ యాప్ ఉండేది. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో తీయాల్సి ఉండేది. అది పని జరిగే చోటే తీశారని ఫోన్ చెప్పాల్సి ఉండేది. మేట్ మా గుంపు పిల్లే, పదో తరగతి చదివింది. ఫొటోలు తీసింది, సిగ్నల్ బండ ఎక్కింది, ఎక్కించడానికి ఎంతో తిప్పలు పడింది. ఆ వారంలో మూడు రోజుల ఫొటోలు ఎక్కలేదు. మూడు రోజుల కూలి పడలేదు.

మా అమ్మ కోప్పడలేదు. ఒకే ఒక్క మాట అడిగింది. "నేను తవ్విన గుంత అక్కడే ఉన్నది కదా బిడ్డా, అది చూస్తే తెల్వదా?"

నేను డిగ్రీ చదివిన. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆఫీసుకు పోయి అడిగితే అక్కడ సార్ కూడా నా మీద అరవలేదు, మంచిగానే మాట్లాడాడు. "నా చేతిలో ఏమున్నది తమ్ముడూ, సిస్టమ్ తీసుకోలేదు" అన్నాడు. మేట్ తప్పు కాదు, సార్ తప్పు కాదు, ఫోన్‌ను జైల్లో పెట్టలేం. తప్పు ఎవరిదీ కాదు, నష్టం మాత్రం మా అమ్మది. ఈ లెక్క ఎక్కడి న్యాయం? ఈ వ్యాసం రాసింది ఈ ఒక్క ప్రశ్న కోసమే.

కొన్ని తేదీలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట ఈ యాప్ హాజరు తప్పనిసరి అని కేంద్రం చెప్పింది 2022 మేలో. రెండు నెలలు దాటాక, 2022 జూలైలో, అదే కేంద్ర మంత్రివర్గం ఇంకో నిర్ణయం తీసుకుంది. దేశంలో 4జీ సిగ్నల్ అందని 24,680 ఊర్లకు టవర్లు వేయడానికి 26,316 కోట్ల రూపాయల పథకం. అంటే ఇన్ని వేల ఊర్లలో సిగ్నల్ లేదని సర్కారుకు తెలుసు. లెక్క కట్టి మరీ తెలుసు. తెలిసే సిగ్నల్ కావలసిన హాజరును ముందు పెట్టింది, సిగ్నల్‌ను వెనక పెట్టింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, చిన్న పనులతో సహా అన్ని పనులకూ యాప్ తప్పనిసరి చేసింది. ఎద్దు లేకుండానే బండి తోలమన్నట్టు లేదా ఇది?

దొంగ మస్టర్లు ఆపడానికే యాప్ తెచ్చామంటారు. దొంగ మస్టర్లు ఉన్నాయి, కాదనను. మన కూలి మింగినవాళ్లను మనకంటే బాగా ఎవరు ఎరుగుదురు? కానీ ఏం జరిగింది? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఒక ఉత్తర్వు పంపింది. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని, పాత ఫొటోకే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని, ఫొటోలో ఉన్నవాళ్లకూ హాజరులో ఉన్నవాళ్లకూ పొంతన లేదని అందులో ఉంది. అందుకే ఆ ఫొటోలను మనుషులే కూర్చుని సరిచూడాలని చెప్పింది. చూశారా! దొంగ యాప్‌లోకి కూడా దర్జాగా దూరాడు. సిగ్నల్ బండ ఎక్కి దిగలేక బయట నిలబడిపోయింది నిజంగా గడ్డపార పట్టినవాళ్లు.

ఇక రేషన్ షాపుకు రండి. వేలిముద్ర పెడితేనే బియ్యం. పట్నంలో కూర్చుని పనిచేసే వేలు వేరు, మన వేలు వేరు. తునికాకు కోసిన వేలు, ఇప్పపువ్వు ఏరిన వేలు, పోడులో రాళ్లు ఎత్తిన వేలు. గీతలు అరిగిపోతాయి. ముసలి అవ్వలు వేలును చీరకొంగుకు తుడిచి, నూనె రాసి, ఊది మళ్లీ పెడతారు. మిషన్ మళ్లీ కాదంటుంది. డెబ్బై ఏండ్లు పనిచేసినందుకు ఆ చేతికి దొరికిన మర్యాద ఇది.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2017లో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేండ్ల పాప చనిపోయింది. ఆధార్‌తో కలపలేదని వాళ్ల రేషన్ కార్డు రద్దయింది. ఆకలితో చనిపోయిందని తల్లి చెప్పింది, మలేరియా అని అధికారులు చెప్పారు. ఆ ఇంటికి నెలల తరబడి బియ్యం రాలేదన్నది మాత్రం దేశమంతా చూసింది. ఆ తరువాత 2017 అక్టోబర్‌లో ఢిల్లీ నుంచి ఉత్తర్వులు వచ్చాయి. ఆధార్ లేదని, వేలిముద్ర పడలేదని ఎవరికీ రేషన్ ఆపొద్దని. ఒక పాప పోయినంక వచ్చిన ఆ కాగితం గురించి మన గూడేల్లో ఎంతమందికి తెలుసు? ఎన్ని షాపుల్లో గోడకు అంటించారు?

ప్రయాణం సంగతి చూద్దాం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పథకం. మా అక్కలు, అత్తలు ఎవరినీ డబ్బులు అడగకుండా ఆస్పత్రికి పోతున్నారు, సంతకు పోతున్నారు. కానీ ఒరిజినల్ కార్డు చూపించాలి. జిరాక్సు, ఫోన్‌లో ఫొటో చెల్లవని ఆర్టీసీ చెప్పింది. వానకు కారే ఇంట్లో ఒరిజినల్ కార్డు నానిపోతదని ట్రంకుపెట్టె అడుగున దాచుకునేది మన వాళ్లు. ఆ ఒక్క కార్డు పోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్ని రోజుల కూలి పోతుందో వాళ్లకు తెలుసు.

ఇంకో సంగతి, మా భద్రాచలం చుట్టుపక్కల వాళ్లకే అర్థమయ్యేది. 2014లో పోలవరం పేరుతో ఏడు మండలాల్ని ఆంధ్రలో కలిపారు. ఒకే ఇంటి పేరు, ఒకే వేల్పు ఉన్న కోయ కుటుంబాలు రెండు రాష్ట్రాలయ్యాయి. కూనవరం నుంచో చింతూరు నుంచో మా మేనత్త భద్రాచలం ఆస్పత్రికి వస్తే ఆమె కార్డు మీద ఆంధ్ర ఉంటుంది. తెలంగాణ బస్సులో ఆమెకు జీరో టికెట్ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో కూడా స్త్రీశక్తి పేరుతో ఫ్రీ బస్సు వచ్చింది. అది కూడా ఆ రాష్ట్రం లోపలే, రాష్ట్రం దాటే బస్సులో కాదు. గీత గీసినప్పుడు మా అత్తను అడగలేదు. గీత దాటినందుకు టికెట్ మాత్రం ఆమెనే కొనుక్కోమంటున్నారు.

చదువుకున్న మనకైనా సులువుగా ఉందా? ఏదో పరీక్షకు సెంటర్ చెన్నైలో పడిందనుకో. తేదీ తెలిసేసరికి మామూలు టికెట్లు అయిపోతాయి, తత్కాలే దిక్కు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే ఖాతాకు ఆధార్ కలపాలి, టికెట్ తీసేటప్పుడు ఆధార్‌కు ఉన్న నంబరుకు ఓటీపీ రావాలి. ఏజెంట్లు ఒక్క నిమిషంలో టికెట్లు ఊడ్చేస్తున్నారని ఈ రూల్ పెట్టారు. కారణం సరైనదే. కానీ నీ ఆధార్‌కు ఉన్న నంబరు, హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరో సార్ ఇచ్చింది. లేదా రీచార్జి చేయక కంపెనీ తీసేసిన పాత సిమ్. అది మార్చుకోవడానికి ఆధార్ సెంటర్‌కు పోతాం. ఒక రోజు పోతే సర్వర్ లేదంటారు, ఇంకో రోజు పోతే టోకెన్లు అయిపోయాయంటారు. ఈలోపు పరీక్ష అయిపోతుంది.

ఒక్కసారి ఆలోచించండి. ఈ రూళ్లు రాసిన మనిషి మన మీద పగతో రాయలేదు. తనలాంటి మనిషిని తలుచుకుని రాశాడు. ఎప్పుడూ సిగ్నల్ ఉండే ఇల్లు, పదేండ్లుగా మారని నంబరు, మెత్తటి వేలు, ఒకే రాష్ట్రంలో చుట్టాలు. అలాంటి మనిషికి ఓటీపీ అంటే అర నిమిషం. మనకు అదే ఓటీపీ అంటే ఒక గుట్ట.

నేను సెల్‌ఫోన్ వద్దనే మనిషిని కాను. ఈ వ్యాసం ఫోన్‌లోనే రాశాను, మీరు ఫోన్‌లోనే చదువుతున్నారు. పోడు హద్దులు జీపీఎస్‌తో మనమే కొలుచుకోవచ్చు, అర్ధరాత్రి 108కు ఫోన్ చేయొచ్చు, ఆఫీసర్ ఇచ్చిన కాగితం ఫొటో తీసి పది మందికి చూపొచ్చు. మిషన్ మనకు పనికొచ్చినప్పుడు వాడుకుందాం. అది చెడిపోయినప్పుడు మన కడుపు ఎందుకు మాడాలి అనేదే నా మాట.

చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆధార్ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది, ఆధార్ నంబరు రాని మనిషికి వేరే గుర్తింపు మీద ఇవ్వాలని. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో కూడా, వేలిముద్ర కలవలేదని అర్హుల నోటికాడ కూడు తీయొద్దన్న మాట ఉంది. ఉపాధి హామీలో, సాంకేతిక ఇబ్బందితో హాజరు ఎక్కకపోతే చేత్తో రాసిన హాజరును ఎక్కించే అధికారం జిల్లా స్థాయిలో ఇచ్చారు. పని చేసిన పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని, ఆలస్యమైతే పరిహారం కట్టాలని అదే చట్టంలో రాశారు. అంటే 'సిస్టమ్ తీసుకోలేదు' అనేది జవాబు కాదు. సిస్టమ్ తీసుకోకపోతే ఏం చేయాలో సార్ల దగ్గర రాసి ఉంది. మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మా అమ్మ మూడు రోజుల కూలి అప్పుడే పోయింది. నాకు ఆ రూల్ తెలిసేసరికి ఆ మస్టర్ మూసేశారు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది.

మన గురించి కూడా ఒక చేదు మాట చెప్పుకోవాలి. కొన్ని గుంపుల్లో మన పిల్లలే ముసలివాళ్ల దగ్గర ఓటీపీకి ఇరవై, ఫారం నింపడానికి యాభై తీసుకుంటున్నారు. వాళ్ల ఏటీఎం కార్డులు, పిన్ నంబర్లు దగ్గర పెట్టుకుంటున్నారు. షావుకారి తరాజు పోయిందని సంబరపడుతుంటే మన చేతిలోనే ఇంకో తరాజు తయారవుతోంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చదువు మనకు వచ్చింది వాళ్ల గడ్డపార వల్లనే. ఆ మాట మరవొద్దు.

మరి ఏం చేద్దాం? పెద్ద పనులేం చెప్పడం లేదు.

ప్రతి గుంపులో ఒక నోట్‌బుక్ పెట్టండి. వేలిముద్ర పడని రోజు, ఫొటో ఎక్కని రోజు, సర్వర్ లేదన్న రోజు ఆ తేదీ, మనిషి పేరు, పోయిన బియ్యమో కూలో రాయండి. నోటి మాటను ఆఫీసులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఫొటో ఎక్కకపోతే అదే రోజు చేత్తో హాజరు రాయించండి. మేట్ సంతకం, నలుగురు కూలీల సంతకాలు పెట్టించి దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోకుండా రావొద్దు. మస్టర్ మూసేదాకా ఆగొద్దు. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

రేషన్ షాపులో వేలు పడకపోతే కంటిపాప మిషన్‌తో చూడమని అడగండి. అదీ లేకపోతే రిజిస్టర్‌లో రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో కాగితం మీద రాసివ్వమనండి.

ఆ నోట్‌బుక్‌ను గ్రామసభలో చదవండి. 1996 పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టింది. తీర్మానం రెండు మాటల్లో రాయొచ్చు: మా ఊర్లో సిగ్నల్ వచ్చేదాకా పుస్తకం హాజరు కూడా చెల్లాలి. మిషన్ చెడిపోయిన రోజు నష్టం సర్కారుది, మాది కాదు.

మొన్న ఇంటికి పోయినప్పుడు మా అమ్మతో కలిసి ఆ గుంత దగ్గరికి పోయిన. వానలకు నిండింది. గొడ్లు నీళ్లు తాగుతున్నాయి. మూడు రోజులు రాలేదని ఫోన్ చెప్పిన మనిషి తవ్విన గుంత అది. నేను దాని ఫొటో తీశాను. రాబోయే గ్రామసభలో నోట్‌బుక్ పక్కన ఆ ఫొటో పెట్టి, అమ్మ అడిగిన ప్రశ్నే సార్లను అడుగుతాను.

మీ గుంపులో కూడా ఇలాంటి గుంత ఒకటి ఉంటుంది. పోయి చూడండి. అడగండి.

జై ఆదివాసీ!