మిర్చి సీజన్‌లో డీజిల్ వ్యాన్ మొరాయిస్తే.. రిపేరుకు ఎంతవుతుంది? ఎఫ్‌సీ సంగతేంటి?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో కాసేపు నిలబడి చూడండి. లారీలు, ట్రాక్టర్ల మధ్య బొలెరో పికప్‌లు, దోస్త్‌లు, ఇంట్రాలు టిక్కీల మీద టిక్కీలు వేసుకుని వస్తుంటాయి. అంతకుముందు నవంబరు నుంచి ఇవే బండ్లు పత్తిని జిన్నింగ్ మిల్లులకు, సీసీఐ కొనుగోలు కేంద్రాలకు మోస్తాయి. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ ఆరు నెలల్లోనే రావాలి. అలాంటి రోజుల్లో బండి వారం పాటు షెడ్డులో పడితే రిపేరు బిల్లుతో పాటు కిరాయిలూ పోతాయి. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

ఈ ప్రాంతంలో వ్యాన్లు ఎందుకు పాడవుతాయో చూస్తే, కంపెనీ లోపం కన్నా ఇక్కడి దుమ్ము, ఎండ, లోడు చేసే నష్టమే ఎక్కువగా కనిపిస్తుంది. కింద చెప్పిన ధరలన్నీ అంచనాలే. మోడల్‌ను బట్టి, వేసింది ఒరిజినల్ పార్టా లోకల్ పార్టా అన్నదాన్ని బట్టి మారతాయి.

దూదితో మొదలై హెడ్ దాకా

పత్తి మోసే బండికి మొదటి శత్రువు పత్తే. గాలికి లేచిన నూగు, దానికి తోడు నల్లరేగడి దుమ్ము రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుపోతాయి. చలికాలంలో ఏమీ తెలియదు. ఏప్రిల్ వచ్చేసరికి, అందులోనూ రెంటచింతల వైపు ఎండల్లో, లోడుతో వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. చాలామంది ఆపి, బోరు నీళ్లు పోసి, మళ్లీ బయల్దేరతారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. బోరు నీళ్లలోని లవణాలు లోపల పేరుకుంటాయి. కూలెంట్ పలచబడుతుంది. ఇలా రెండు మూడుసార్లు వేడెక్కితే హెడ్ గాస్కెట్ పోతుంది. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తున్నా, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తున్నా బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

హెడ్ దించి, ఫేసింగ్ చేయించి, గాస్కెట్ మార్చి బిగించడానికి 15 వేల నుంచి 30 వేల రూపాయల దాకా అవుతుంది. హెడ్‌కు పగులు వస్తే ఇంకా పెరుగుతుంది. అదే రేడియేటర్‌ను ఇంజిన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టించి శుభ్రం చేయిస్తే వందల్లో పోతుంది. సర్వీసింగ్ సెంటర్‌లో నీళ్ల ప్రెషర్ దగ్గర నుంచి కొట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి. సీజన్‌లో ఎయిర్ ఫిల్టర్‌ను కూడా పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే మార్చుకోవాలి.

యార్డు క్యూ, డీపీఎఫ్ లైటు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన చాలా డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉంటుంది. అందులో చేరిన మసిని బండే కాల్చేసుకోవాలి. అందుకు సైలెన్సర్ లైను బాగా వేడెక్కాలి, అంటే కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి ఊళ్లోకి నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండికి, యార్డు బయట ఇంజిన్ ఆపకుండా క్యూలో నిలబడ్డ బండికి ఆ అవకాశం దొరకదు. మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది.

లైటు కొత్తగా వెలిగితే కంగారు అక్కర్లేదు. చిలకలూరిపేట నుంచి గుంటూరు వైపు హైవే మీద ఒకే వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే స్కానర్ పెట్టి కాల్పించడానికి రెండు మూడు వేలు, విప్పి శుభ్రం చేయించడానికి పది వేల దాకా, కొత్తది వేయాలంటే లక్ష చుట్టుపక్కల అవుతుంది. ఇక్కడే కొందరు ‘ఫిల్టర్ తీసేసి పైపు పెడతాం, గొడవ వదిలిపోతుంది’ అంటారు. ఒప్పుకోకండి. వారంటీ పోవడం ఒక్కటే కాదు, అనుమతి లేకుండా బండిలో ఇలాంటి మార్పు చేస్తే మోటారు వాహన చట్టం 182ఏ సెక్షన్ కింద ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్ పోసుకోవడం ఇంకో అలవాటు. అడుగున చేరిన నీరు, చెత్త ట్రాక్టర్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టకపోవచ్చు. కామన్ రైల్ ఇంజిన్‌లో మాత్రం ఇంజెక్టర్లు పోతాయి. కొత్తది ఒక్కోటి పది వేల పైమాటే, నాలుగు సిలిండర్లకు నాలుగు. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీటిని వదలడానికి ఐదు నిమిషాలు చాలు.

50 టిక్కీలు వేస్తే?

కిరాయి టిక్కీ లెక్కన మాట్లాడుకునే చోట ఎక్కువ వేస్తే ఎక్కువ డబ్బు. ఓవర్‌లోడ్‌ను డ్రైవర్ దురాశగా మాత్రమే చూడలేం, ఆ లెక్కే అతన్ని అటు నెడుతుంది. కానీ ఒకసారి ఇలా లెక్క వేసి చూడండి. మీ ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ నుంచి అన్‌లేడెన్ వెయిట్ తీసేస్తే 1,300 కిలోలు వచ్చిందనుకుందాం. టిక్కీ 45 కిలోలైతే 28 వేసేసరికి 1,260 కిలోలు. డ్రైవర్ బరువు కూడా కలిపితే అక్కడితో సరి. 50 టిక్కీలంటే 2,250 కిలోలు, దాదాపు టన్ను అదనం.

వెనుక కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేయిస్తే బండి కుంగదు. అంతమాత్రాన మోసే శక్తి పెరిగినట్టు కాదు. ఆ బరువంతా క్లచ్, వీల్ బేరింగులు, బ్రేకుల మీదికి వెళ్తుంది. పికప్‌కు క్లచ్ సెట్ మార్చాలంటే 8 వేల నుంచి 15 వేలు. తనిఖీలో దొరికితే 2019లో సవరించిన చట్టం 194వ సెక్షన్ ప్రకారం 20 వేల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. అదనపు సరుకు దింపే ఖర్చు కూడా మీదే. ఎక్కువ వేసిన 22 టిక్కీల మీద వచ్చే కిరాయితో దీన్ని పోల్చుకోండి.

ఎఫ్‌సీ ఎప్పుడు?

రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు వచ్చే దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు రుసుము ఉంది. నిబంధనల్లో ఉన్న ఫీజు ఇదే. కానీ అసలు ప్రమాదం వేరే. ఎఫ్‌సీ లేని బండికి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ చెల్లదు. ఆ సమయంలో యాక్సిడెంట్ అయితే బీమా కంపెనీ క్లెయిమ్‌కు అడ్డు చెప్పడానికి అదొక్కటి చాలు. అందుకే గడువు తేదీ మార్చి, ఏప్రిల్‌లో పడితే జనవరిలోనే బ్రేకులు, లైట్లు, పొగ చూపించుకుని స్లాట్ బుక్ చేసుకోండి. పదేళ్లు దాటిన బండ్లకు 2025 నవంబరులో కేంద్రం ఫీజు శ్లాబులు పెంచింది. కాబట్టి పాత బండి ఓనర్లు నిరుటి లెక్క మీద ఉండొద్దు.

చాలామంది అడిగే మాట ఇంకొకటి. 2025 అక్టోబరు 4న రాష్ట్ర ప్రభుత్వం 15 వేల చొప్పున ఇచ్చిన సాయం ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు, అంటే మనుషుల్ని ఎక్కించుకునే బండ్లకు. సరుకు వ్యాన్‌కు అది రాదు. రెండింటికీ ఖర్చులు ఒకటే అయినా సాయం మాత్రం ఒకవైపే ఉంది.

బిల్లు మీద గొడవ వస్తే

పని మొదలు పెట్టకముందే జాబ్ కార్డు రాయించుకోండి. తీసేసిన పాత పార్టులు అడిగి తీసుకోండి, బిల్లు దాచుకోండి. వేసిన పార్టు నెలకే పోయినా, చెప్పని పనికి డబ్బు గుంజినా 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే గుంటూరులో అయినా, ఒంగోలులో అయినా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ‘నీది కమర్షియల్ బండి, నువ్వు వినియోగదారుడివి కావు’ అని ఎదుటివాళ్లు అనొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్వయం ఉపాధితో బతకడం కోసమే కొని వాడుకుంటున్న వస్తువును ఆ మినహాయింపులోకి రానివ్వదు. మీరే నడుపుకుంటున్న ఒక్క వ్యానే మీ జీవనాధారం అన్న సంగతి ఫిర్యాదు మొదట్లోనే రాయండి. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము లేదు.