విజ్ఞాన వీధి: కరగకుండా అతికిన ఉక్కు

రింగాస్కిడీ మందుల కర్మాగారాల్లో పనిచేసే మన సభ్యులొకరు ఈమధ్య మమ్మల్నొక ప్రశ్న అడిగారు. "ఇక్కడ ఎటు చూసినా స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలే, అడుగడుగునా అతుకులే. రాపిడి వెల్డింగు చేస్తే అతుకు అసలు లోహంకంటే గట్టిగా వుంటుందని చదివాను. మరి ఇక్కడెవరూ దాని ఊసెత్తరేమండీ?" అని. చూడ్డానికి ఒక ప్రశ్నే గాని, ఇందులో రెండున్నాయి. గట్టితనమంటే ఏమిటన్నది ఒకటి. ఏ అతుక్కి ఏ గట్టితనం కావాలన్నది రెండోది.

ఆ ఊరికి ఉక్కు కొత్తేమీ కాదు. వంతెన దాటితే వచ్చే హాల్‌బోలిన్ దీవిలో 2001 దాకా ఐరిష్ స్టీల్ కర్మాగారం వుండేది. 1996లో దాన్ని ఒక్క పౌనుకు కొన్నది మన మిట్టల్ గారి ఇస్పాత్ సంస్థే. అది వేరే కథ.

రాపిడిలో వేడి పుడుతుందని మనవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అరణి మథించి యజ్ఞాగ్నిని పుట్టించినవాళ్ళం. ఇనుమును కరిగించకుండా అతకడమూ మనకు తెలిసిన విద్యే. బండి చక్రానికి పట్టా వేసే కమ్మరి రెండు కొసల్నీ కొలిమిలో తెల్లగా కాల్చి, కాస్త ఇసుక చల్లి, ఒకదానిమీదొకటి పెట్టి సమ్మెటతో బాదేవాడు. ఇనుము కరగదు, మెత్తబడుతుంది. దెబ్బకు పైనున్న చిట్టెం చెదిరిపోయి, శుభ్రమైన లోహం శుభ్రమైన లోహాన్ని తాకి అతుక్కుంటుంది. రాపిడి వెల్డింగులో కొలిమి బదులు రాపిడి, సమ్మెట బదులు యంత్రపు ఒత్తిడి. దీన్ని పనికొచ్చే పద్ధతిగా 1956లో రుజువు చేసినవాడు కూడా పెద్ద శాస్త్రవేత్త కాడు, సోవియట్ యూనియన్‌లో చుడికోవ్ అనే యంత్రాల పనివాడు.

పద్ధతి ఇది. ఒక కడ్డీని లేతు మీద బిగించినట్టు బిగించి నిమిషానికి వెయ్యి, రెండువేల చుట్లు తిప్పుతారు. రెండో కడ్డీ తిరగదు, దాన్ని తెచ్చి మొదటిదానికి ఆనించి నొక్కుతారు. కొద్ది సెకండ్లలో రెండు ముఖాలూ ఎర్రబడి మెత్తబడతాయి. అంచుల్లోంచి లోహం పొంగి ఉంగరంలా చుట్టుకుంటుంది. దీన్ని ఫ్లాష్ అంటారు. అప్పుడు తిప్పడం చటుక్కున ఆపి, ఇంకా పెద్ద ఒత్తిడితో అదుముతారు. ముఖాలమీద వున్న ఆక్సైడు పొరా మురికీ చాలావరకు ఆ పొంగుతో బయటికి పోతాయి.

ఈ అతుకును నిలువునా కోసి, అద్దంలా నునుపు చేసి, ఆమ్లం పూసి సూక్ష్మదర్శిని కింద పెడితే అసలు సంగతి కనబడుతుంది. నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు వున్న 304 రకం ఉక్కునే తీసుకుందాం. దూరంగా వున్న లోహంలో రేణువులు ఎప్పటిలాగే వుంటాయి. దగ్గరికి వచ్చేకొద్దీ అవి వంగి, సాగి, పక్కకు తిరిగి కనబడతాయి. సరిగ్గా అతుకు దగ్గర సన్నని పట్టీలో అతి చిన్న రేణువులుంటాయి. వేడిమీద నలిగిన లోహంలో పాత రేణువుల స్థానంలో కొత్తవి పుడతాయి. పెరిగే వ్యవధి లేక అవి చిన్నగానే వుండిపోతాయి. లోహం సాగాలంటే దాని లోపలి పొరలు ఒకదానిమీదొకటి జారాలి. ఆ జారుడుకు రేణువుల సరిహద్దులే అడ్డుగోడలు. రేణువులు చిన్నవైతే గోడలెక్కువ, గోడలెక్కువైతే బలమెక్కువ. అతుకు అసలు లోహంకంటే గట్టిదన్న మాటకు మూలం ఇదే.

ఇంకో లాభం కూడా వుంది. ఈ ఉక్కు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు వుంటే, అందులోని కార్బను రేణువుల సరిహద్దుల దగ్గర క్రోమియాన్ని పట్టుకుంటుంది. క్రోమియం తరిగిన చోట తుప్పు ప్రవేశిస్తుంది. రాపిడి వెల్డింగు సెకండ్లలో అయిపోతుంది గనుక ఆ ప్రమాదం తక్కువ.

ఇక రెండో వైపు. ఇరవై మిల్లీమీటర్ల కడ్డీని నిమిషానికి 1500 చుట్లు తిప్పితే అంచు వేగం సెకండుకు సుమారు ఒకటిన్నర మీటరు. నట్టనడుమ వేగం సున్న! నడుమకు వేడి పక్కనుంచి అరువు రావలసిందే. వ్యవధిగాని ఒత్తిడిగాని చాలకపోతే, బయట ఉంగరం నిండుగా పొంగి వుంటుంది, లోపల నడిబొడ్డు అతకనే అతకదు. పొంగు చూసి అతుకును మెచ్చుకోవడం, గట్టు చూసి చెరువు లోతు చెప్పడం లాంటిది.

ఈ విషయంలో మన హైదరాబాదు వారి పని చెప్పుకోదగ్గది. అక్కడి రక్షణ లోహ పరిశోధనాలయానికి చెందిన మధుసూదన రెడ్డి, మోహన్‌దాస్ గార్లు, సత్యనారాయణ గారితో కలిసి 2005లో ఒక పరిశోధన ప్రకటించారు. 304 వంటి ఆస్టెనైటు ఉక్కును నికెలు లేని ఫెర్రైటు ఉక్కుతో రాపిడి మీద అతికి చూశారు. నలుగుడంతా దాదాపు ఫెర్రైటు వైపే జరిగింది, వేడిమీద త్వరగా మెత్తబడేది అదే గనుక. నడుమ సన్న రేణువులు, అంచు దగ్గర వంగి సాగిన రేణువులు కనబడ్డాయి. ఒత్తిడీ వ్యవధీ కొన్ని కొన్ని పాళ్ళలో కుదిరినప్పుడే మంచి అతుకు వచ్చింది. మీట నొక్కితే వచ్చే విద్య కాదన్నమాట.

మరి "అసలు లోహంకంటే గట్టిది" అనే సర్టిఫికెట్టు ఎలా వస్తుంది? అతికిన కడ్డీని రెండు కొసలూ పట్టి నెమ్మదిగా లాగుతారు. అది బలహీనమైన చోట తెగుతుంది. అతుకు దగ్గర రేణువులు చిన్నవి గనుక, తెగేది ఎక్కడో పక్కన, మామూలు లోహంలో. 304 రకానికి కనీసం వుండవలసిన బలం 515 మెగాపాస్కళ్ళు. కాగితం మీద ఆ అంకె దాటుతుంది, అందరికీ సంతోషం. మా దృష్టిలో ఈ పరీక్ష అతుకును పరీక్షించినట్టే కాదు. తెగింది అతుకు కాదు గదా!

అసలు చిక్కు వేరే వుంది. మిల్లులో సాగదీసిన కడ్డీలో మాంగనీసు సల్ఫైడు వంటి మలినాలు సన్నని నూలుపోగుల్లా పొడుగునా పరచుకుని వుంటాయి. అదిమినప్పుడు లోహం పక్కలకు పొంగుతుంది గనుక, ఆ పోగులు కూడా తిరిగి, అతుకుకు సమాంతరంగా పడుకుంటాయి. వెదురును అడ్డంగా నరకడం కష్టం, నిలువునా చీల్చడం సులువు. ఇక్కడా అంతే. నెమ్మదిగా లాగినప్పుడు దాగిన ఈ లోపం, దెబ్బ తగిలినప్పుడో పదేపదే వంగినప్పుడో బయటపడుతుంది. అందుకే సరిగ్గా అతుకు మీదే గాటు పెట్టి లాగాలి, గాటు పెట్టి సుత్తితో కొట్టే చార్పీ పరీక్ష చెయ్యాలి, వంచి చూడాలి. హైదరాబాదు పరిశోధకులు లాగి ఊరుకోక గాటు పరీక్షా, దెబ్బ పరీక్షా కూడా చేశారు.

ఇక గొట్టాల సంగతి. రాపిడి వెల్డింగులో ఒక ముక్క తిరగాలి. వాల్వులతో, వంపులతో అమర్చిన గొట్టాన్ని ఎవరు తిప్పుతారు? పైగా పొంగు బయటే గాక లోపలికీ వస్తుంది. బయటిదాన్ని లేతు మీద చెక్కెయ్యవచ్చు, పొడుగాటి గొట్టం లోపలిదాన్ని తియ్యడం గగనం. ఆ ఉంగరం చాటున మందు నిలవుంటుంది, క్రిములు కాపురం పెడతాయి. అందుకే ఈ పరిశ్రమలో కార్బను తక్కువగా వుండే 316ఎల్ ఉక్కును వాడి, గొట్టం కదలకుండా వెల్డింగు ముల్లే చుట్టూ తిరిగే యంత్రంతో, లోపలా బయటా ఆర్గాన్ వాయువు నింపి, కరిగించే అతుకుతారు. తరవాత సన్నని కెమెరా పంపి లోపల రంగు మారిందా, గాడి పడిందా అని చూస్తారు. ఆ గొట్టాల్లో ఒత్తిడి స్వల్పమే. అక్కడ అతుకుకు కావలసింది లాగుడు బలం కాదు, లోపలి నునుపు.

రాపిడి అతుకు కావాలంటే దూరం పోనక్కర్లేదు. మన కార్లలో పొగ బయటికి వదిలే వాల్వులు చాలావాటికి తల ఒక ఉక్కు, కాడ ఇంకో ఉక్కు. తల మంటకు ఓర్చుకోవాలి, కాడ అరుగుదలకు ఓర్చుకోవాలి. రెంటినీ కలిపేది రాపిడి వెల్డింగే. ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరుగుతూ వుంటే ఆ వాల్వు 1250 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.