కాలింగ్ బెల్లుకి కళ్ళెందుకు?

మొన్న ఉగాదికి తిరుపతి పోయినప్పుడు నా బ్యాగులో ఒక వీడియో డోర్‌బెల్ ఉంది. కొన్నది కాదు. మా టీములో ఒకాయన ఇల్లు మారుతూ "నాకిప్పుడు దీంతో పనిలేదు, వాడి చూడు, నచ్చితే కొత్తది కొనుక్కో" అని ఇచ్చాడు. కొత్తది కూడా అప్పటికే నా కార్టులో ఉంది. ఏడువేల చిల్లర. డబ్బు కట్టడం ఒక్కటే తరువాయి. మూడు వారాల తర్వాత దాన్ని కార్టులోంచి తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ సోదంతా. ముందే చెప్తున్నా, ఇది టెక్నాలజీ అంటే గిట్టని ఛాందసుడి గోల కాదు. నాకు కూడు పెడుతున్నదే అది.

నేనుండేది బెంగుళూరు. అమ్మా నాయనా తిరుపతిలో, ఎమ్మార్‌పల్లి వైపు సొంతింట్లో ఉంటారు. మన ఐటీ జనంలో చాలామందిది ఇదే కథ కదా. పిల్లలు బెంగుళూరులోనో, మద్రాసులోనో, అమెరికాలోనో... పెద్దవాళ్ళు మాత్రం ఇంటికాడ. రాత్రి పదకొండింటికి ఆఖరి కాల్ అయిపోయి లాప్‌టాప్ మూసేటప్పుడు "అక్కడ తలుపులు సరిగ్గా వేసుకున్నారో లేదో" అని ఒక్కసారి మనసు పీకుతుంది. సరిగ్గా ఆ పీకుడు దగ్గరే డోర్‌బెల్ కంపెనీలు కాపు కాసుకుని ఉంటాయి.

నాకు ఆ పీకుడు ఎక్కువైంది చిత్తూరులో మా మేనమామ ఇంట్లో దొంగలు పడ్డాక. గ్రీమ్స్‌పేటలో ఇల్లు. అందరూ కలిసి వేలూరులో పెళ్ళికి పోయి మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చారు. వీధి తలుపుకి వేసిన పెద్ద తాళం వేసినట్టే ఉంది. పెరటి తలుపు గడియ మాత్రం పెకలించి ఉంది. బీరువాలో మా అత్త గాజులు పోయాయి. ఆ రాత్రే నేను డోర్‌బెల్ కార్టులో వేశాను.

చూశారా? దొంగ వచ్చింది పెరటి తలుపులోంచి. నేను కొనబోయింది వీధి తలుపుకి బెల్లు. ఆఫీసులో పొద్దున లేస్తే రూట్ కాజ్ అనాలిసిస్ అని జూనియర్ల ప్రాణం తీసే నేను, సొంతింటి దగ్గరికొచ్చేసరికి బుర్ర బీరువాలో పెట్టి తాళం వేశాను :)

సరే, ఇప్పుడైనా ఆ పని చేద్దాం. మన ఇళ్ళకి వచ్చే దొంగలు ఎవరు?

మొదటివాడు, తాళం వేసిన ఇల్లు చూసుకుని వచ్చేవాడు. వాడు బెల్లు కొట్టడు. ఒకవేళ కొట్టినా లోపల ఎవరైనా ఉన్నారేమో తెలుసుకోవడానికే కొడతాడు. మొహానికి తువ్వాలు కట్టుకుని గోడ దూకుతాడు. అది నాకు బెంగుళూరులో ఫోన్లో కనిపించిందే అనుకుందాం. రాత్రి రెండున్నరకి నేను నిద్రలో ఉంటా. లేచినా 250 కిలోమీటర్ల దూరంలో ఉంటా. చేయగలిగింది ఏమిటి? ఫోన్లో అరవడం, ఎదురింటివాళ్ళని లేపడం, 112కి కొట్టడం.

ఈ దొంగ కోసం మన దగ్గర వేరే ఏర్పాటు ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా. యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఊరికి పోయేముందు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉండమని చెప్తే, పోలీసులు వచ్చి ఇంట్లో కదలికని పసిగట్టే కెమెరా పెట్టిపోతారు. ఎవడైనా లోపల అడుగుపెడితే కంట్రోల్ రూములో అలారం మోగుతుంది. మనం తిరిగి రాగానే కెమెరా తీసుకుపోతారు. పైసా తీసుకోరు. గమనించాల్సినవి రెండు. ఒకటి, అలారం మోగేది ఆ ఊళ్ళోనే ఉండి పరిగెత్తి రాగలిగినవాళ్ళ దగ్గర. రెండు, పని అయిపోగానే కెమెరా వెళ్ళిపోతుంది. ఇంజనీరింగ్ అంటే ఇదీ! మా మామకి దీని సంగతి తెలీదు. సిగ్గుచేటేమిటంటే ఏడువేల డోర్‌బెల్ గురించి నలభై రివ్యూలు చదివిన నాకూ అప్పటికి సరిగ్గా తెలీదు.

రెండోవాడు, ఇంట్లో మనిషి ఉన్నప్పుడే వచ్చేవాడు. మంచినీళ్ళడుగుతాడు, అడ్రసు అడుగుతాడు, మీటరు చూడాలంటాడు. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళలో నిజంగా భయపడాల్సింది వీడికే. తలుపు తీయకుండానే ఎవరొచ్చారో చూడటం ఇక్కడ తప్పకుండా పనికొస్తుంది, కాదనను. కానీ చూడాల్సింది ఎవరు? ఇంట్లో ఉన్న అమ్మ. మీటింగులో ఉన్న నేను కాదు. వీడియో డోర్‌బెల్ అమ్మే ప్రకటనల్లో బొమ్మ కనిపించేది ఎప్పుడూ దూరంగా ఉన్న కొడుకు ఫోన్లోనే! ఇదిగో, నాకు మండేది ఇక్కడే.

పైగా మొహం చూసినంత మాత్రాన మనిషి తెలుస్తాడా? తిరుపతివాళ్ళకి ఇది వేరే చెప్పాలా? తాతయ్యగుంట గంగమ్మ జాతర కథ గుర్తు తెచ్చుకోండి. ఆడవాళ్ళని ఏడిపించిన పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కున్నాడు. అమ్మవారు రోజుకో వేషం వేసుకుని వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో దొర వచ్చాడనుకుని వాడే బయటికొచ్చాడు. వాడు చూడక చావలేదు, చూసి నమ్మి చచ్చాడు. ఇవాళ దొంగ వేసే దొర వేషం డెలివరీ కుర్రాడి టీషర్టు. కెమెరా ఆ టీషర్టుని హెచ్‌డీలో చూపిస్తుంది, అంతే. తలుపు గొలుసు తీయకుండా "ఎవురూ? ఎవురు పంపించినారు?" అని అడగడమే అసలు సెక్యూరిటీ. మా అవ్వ బతికున్నంత కాలం చేసింది అదే.

మూడోవాడు అసలు ఇంటికే రాడు, ఫోన్లో వస్తాడు. సీబీఐ అంటాడు, కొరియర్లో డ్రగ్స్ దొరికాయంటాడు, డిజిటల్ అరెస్ట్ అంటాడు, ఓటీపీ చెప్పమంటాడు. జీవితాంతం దాచుకున్న రిటైర్‌మెంట్ డబ్బు ఊడ్చుకుపోయేది వీడు. వీడి ముందు డోర్‌బెల్ ఏం చేస్తుంది? మా నాయనకి 1930 నంబరు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫోను పక్కన గోడకి అంటించడానికి నాకైన ఖర్చు సున్నా.

ఇక ఆ మూడు వారాల సంగతి.

బిగించి బెంగుళూరు వచ్చేశాను. మొదటి రోజే నలభై దాకా అలర్టులు. పాలవాడు, పూలావిడ, కుక్క, వేపచెట్టు నీడ, మళ్ళీ కుక్క. నాలుగో రోజుకి చూడటం మానేశా. పేజర్ డ్యూటీ చేసినవాళ్ళకి తెలుసు, పనికిరాని అలర్టు వందసార్లు మోగితే నూట ఒకటోది నిజమైనా ఎవడూ లేవడు. కరెంటు పోతే రౌటరు పోతుంది, రౌటరు పోతే బెల్లు గుడ్డిది. వేసవిలో మన కరెంటు సంగతి నేను చెప్పాలా?

అది సహించొచ్చు. సహించలేనిది ఇంకోటి. ఒక మధ్యాహ్నం స్టాండప్ మధ్యలో అలర్టు చూసి ఊరికే తెరిచాను. అమ్మ తిన్నె మీద కూర్చుని కూరలమ్మే ఆవిడతో మాట్లాడుతోంది. పావుగంటయినా లేవలేదు. వెంటనే ఫోన్ చేసి "గ్రిల్ తీసి పెట్టుకుని అంతసేపు బయట కూర్చోకు మా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. రెండోసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం "నేను ఎవురితో మాట్లాడేది, ఎంతసేపు మాట్లాడేది అంతా నీకు తెలస్తాదా నాయనా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. ఆ మర్నాటి నుంచి తిన్నె ఖాళీ. మూడు రోజులు ఫోన్లో చూశాను. కుక్క ఉంది, నీడ ఉంది, అమ్మ లేదు. డోర్‌బెల్ వల్ల ఇంట్లోకి పోయింది దొంగ కాదు, మా అమ్మ!

ఆ వారం ఊరికి పోతే ఎదురింటి అత్త ఇంకోటి అంటించింది. "ఏం అబ్బోడా, మా వాకిలి కూడా నీ ఫోన్లో పడతాదంటనే?" నవ్వుతూనే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నిజమే మరి. వాళ్ళ వాకిలి, ముగ్గు, ఎవరొచ్చారు, ఎవరు పోయారు... అన్నీ పడుతున్నాయి. రెండేళ్ళ కిందట నాయన మిద్దె మెట్ల మీద జారిపడితే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది ఆ అత్తే. మా వీధిలో ఇరవై నాలుగ్గంటల నిఘా ఎప్పట్నుంచో ఉంది, చందా కూడా లేదు. తేడా ఒక్కటే. ఆమె మా ఇంటివైపు చూస్తే అది మాకు కనిపిస్తుంది. నేను ఆమె ఇంటివైపు చూస్తే ఆమెకి కనిపించదు. మొదటిది ఇరుగుపొరుగు. రెండోదాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

"నా ఇల్లు, నా గోడ, నా డబ్బు, నీకేంటి నొప్పి?" అనేవాళ్ళుంటారు. గోడ మీదే బాబూ, గోడ చూసేది వేరేవాళ్ళ వాకిలి. ఇంగ్లండులో ఇలాంటి తగవే కోర్టుకెక్కింది. పొరుగింటాయన పెట్టిన డోర్‌బెల్, కెమెరాల మీద ఒకావిడ కేసు వేస్తే, 2021 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. దూరం నుంచి మాటల్ని కూడా పట్టేయడాన్ని ముఖ్యంగా తప్పుబట్టింది. మన దగ్గర 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. కానీ 2023 డేటా రక్షణ చట్టం వ్యక్తిగత, ఇంటి అవసరాలకి వాడే డేటాని తన పరిధిలోంచి వదిలేసింది. చట్టం వదిలేసింది కాబట్టి మనమూ వదిలేయొచ్చని కాదు. మర్యాద మన మీద పడిందని అర్థం.

అన్నట్టు, ఆ వీడియో ఎక్కడికి పోతోందో మన వృత్తివాళ్ళయినా అడగొద్దూ? 2018లో అమెజాన్ కొన్న రింగ్ కంపెనీ సంగతి చూడండి. ఉద్యోగులు కస్టమర్ల ప్రైవేటు వీడియోలు చూడగలిగేలా వదిలేశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2023లో 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీ గతే అది. ఇక పేరూ ఊరూ లేని సరుకు సంగతి? ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలని, డీవీఆర్‌లని సైన్యంలా పోగేసి 2016లో మిరాయ్ బాట్‌నెట్ సగం ఇంటర్నెట్‌ని కుంటిదాన్ని చేయలేదా? 2025లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల వీడియోలు బజార్లో అమ్మకానికి పెట్టలేదా? రోజంతా యాక్సెస్ కంట్రోల్ గురించి మాట్లాడే మనం అమ్మ వాకిలిని మాత్రం ఎవడి సర్వర్లోనో పారేసి, టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా ఓకే నొక్కేస్తాం.

ఎవరికీ వద్దని అనడం లేదు. ఒంటరిగా ఉండి, లేచి తలుపుదాకా నడవలేని మనిషికి ఇది వరం. ఇంటి ముందు పార్సిళ్ళు మాయమయ్యేచోట పనికొస్తుంది. దొంగతనం జరిగాక పోలీసులకి ఫుటేజీ దొరికితే మంచిదే. కొనేవాళ్ళు నాలుగు ప్రశ్నలు వేసుకుని కొనండి, చాలు. ఇది ఏ దొంగ కోసం? అలర్టు వస్తే ఐదు నిమిషాల్లో అక్కడికి పోగలిగేది ఎవరు? ఫ్రేములో ఎవరి వాకిలి పడుతోంది, వాళ్ళని అడిగారా? అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇంట్లో ఉండేవాళ్ళు సరేనన్నారా?

నా జవాబులు నాకు దొరికాయి. క్లౌడ్ బెల్లు పీకేశాను. దాని బదులు పాతకాలపు వైరు వీడియో డోర్ ఫోన్ పెట్టించాను. బయట బెల్లూ కెమెరా, లోపల హాల్లో చిన్న తెర. ఇంటర్నెట్ లేదు, యాప్ లేదు, చందా లేదు, ఇన్వర్టరు మీద నడుస్తుంది. బెల్లు కొడితేనే తెర వెలుగుతుంది, అదీ అమ్మకే కనిపిస్తుంది. కెమెరా తల మా గేటు దాటకుండా కిందికి వంచాం. పెరటి తలుపుకి ఇనప గ్రిల్లూ లోపల అడ్డగడియా, వీధి తలుపుకి గొలుసు, పెరట్లో రాత్రంతా వెలిగే ఎల్ఈడీ బల్బు. అమ్మ నగలు బ్యాంకు లాకర్‌కి పోయాయి. ఇద్దరి ఫోన్లలో ఎల్‌హెచ్‌ఎంఎస్. మామ ఫోన్లో కూడా.

ఇక నా మనసు పీకుడంటారా? దానికి యాప్ లేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "తలుపులేసుకున్నారా మా?" అని అడుగుతున్నా. ఇంతకుముందు ఆ ఫోన్ వారానికోసారే ఉండేది. డోర్‌బెల్‌తో నేను కొనాలనుకున్నది, ఆ ఫోన్ చేయకుండా తప్పించుకునే సౌకర్యం. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ నిజం అదే.

నిన్న ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. పది నిమిషాల తర్వాత తనే చేసింది. ఎదురింటి అత్తతో తిన్నె మీద కూర్చుని ఉందట, ఫోను లోపలుందట.

నేను గ్రిల్ సంగతి అడగలేదు.