హైదరాబాదు ప్రధానమంత్రి మీర్ లాయఖ్ అలీ గారికి బహిరంగ లేఖ

చందుర్తి, కరీంనగరు జిల్లా
1948 జూన్ మాసాంతము

అయ్యా,

1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో కుదిరిన యథాతథ ఒడంబడిక ఒక్క సంవత్సరమునకే గదా. అందు సగమునకు మించి గడచి, ఢిల్లీ సంప్రదింపులును ఈ మాసమున భగ్నమయినపిదప, ఈ సంస్థానము రేపేమగునో యెరుగని మాకు చేతనున్న సంస్థానపు నాణెమగు హాలీ సిక్కా విలువ సయితము సందేహాస్పదమైనది.

సిరిసిల్ల సాలెవారికి నూలు బయటినుండి రావలె. సరిహద్దున సరకు నిలిచిపోవుచుండ, భారత రూపాయి ఇచ్చట చెల్లదని తాము శాసింపగా, షావుకారు అప్పీయడు, ఇచ్చినను రేపటి మారకమునకు వెరచి ధర పెంచును. పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల ఋణమీయగలిగిన ప్రభుత్వమునకు మగ్గముపై నిలిచిపోయిన పని కానరాకుండుట విడ్డూరము. సాయుధ దళములగు రజాకార్ల సంగతి వేరొక లేఖకు చాలినంత యున్నది; వారి భయమున అంగళ్లు ప్రొద్దు వాలకమునుపే మూతపడుచున్నవని మాత్రము చెప్పి విడిచెదను.

కావున భారత రూపాయిపై నిషేధమును తక్షణమే రద్దుచేయుడు. ఒడంబడిక గడువు తీరకమునుపే సంప్రదింపులను పునరారంభించి, ఢిల్లీవారి షరతులను, తాము వానిని త్రోసిపుచ్చిన కారణములను ఊరూర తెలుగున ప్రకటింపుడు.

ఇట్లు,
చందుర్తి గ్రామస్థుడొకడు