పరదేశమున మన అంగడి – పనివారెవరు?

చోడవరము చెంతనున్న గోవాడ పేరు చెప్పగానే సహకార చక్కెర కర్మాగారము ఎవరికైనను జ్ఞప్తికి వచ్చును. అది పరిసర గ్రామముల రైతుల చెరకుతోను, కూలీల చెమటతోను పెరిగినది. రేపు విదేశీయుడొకడు అచ్చట చిన్న కార్ఖానా పెట్టి, కాపలావాడు మొదలు గుమాస్తా వరకు తన దేశమువారినే దింపినచో మన మూరకుందుమా? ఊరకుండమని మన శాసనసభయే చాటినది. పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే ఈయవలెనని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టము చేసినది. మన గడపలో కోరిన న్యాయమును పరుల గడపలో మనము పాటించుచున్నామా అనునదే మా ప్రశ్న.

నేడు తెలుగువాడు విదేశమున ఫలహారశాలయో, పచారీ కొట్టో తెరచిన వెంటనే మొదట బావమరిదికి, పిమ్మట పినతండ్రి కుమారునికి, ఆ పైన ఊరివానికి కబురు పంపును. కారణ మడిగిన, మన భాష తెలిసినవాడు, నమ్మకస్థుడు, ఎదురు చెప్పనివాడు అనును. మొదటి రెండును మేము కాదనము. ఆ మూడవ మాటయే మాకు భయము గొల్పుచున్నది. యజమాని దయపైననే వీసా ఆధారపడినవాడు జీతము తగ్గినను, పని గంటలు పెరిగినను ఎవరితో చెప్పుకొనును?

ఇది క్రొత్త కథ కాదు. మన పెద్దలు రంగమని పిలిచిన రంగూనునకు విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాల నుండి వేలకొలది తెలుగువారు పోయిరి. కోరంగి రేవు పేరిట బర్మావారు వారిని కోరంగీలనిరి. మేస్త్రీలు ముందుగా రొక్కమిచ్చి తమ ప్రాంతములవారినే రేవు పనికి కొనిపోయిరి. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా, యజమానులు వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. సమ్మె తీరినంతనే, మే 26వ తేదీన, ఆ బర్మావారిని పొమ్మనిరి. అంతట రేగిన కలహము కొన్ని దినములు రంగూను వీధులను రక్తసిక్తము చేసెను. వందమందికి పైగా మడిసిరి. అందు అధికులు మనవారే. తప్పు ఏ కూలీది? ఇద్దరి ఆకలిని ఒకదానిపై నొకటి ఉసికొల్పిన ఏర్పాటుదే తప్పు.

1942లో జపాను దండయాత్ర వేళ లక్షలమంది భారతీయులు బర్మా విడిచిరి. 1964లో అచ్చటి ప్రభుత్వము అంగళ్లను స్వాధీనపరచుకొనగా మరి యనేకులు ఓడలెక్కిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట పేరు నేటికిని ఆ రాకను తలపించుచున్నది. ఈ విపత్తులన్నిటికిని మనవారి నియామక పద్ధతియే కారణమని మేమనము. కాని ఆపద వచ్చిన దినమున, ఈ అంగడి మాది కూడనని చెప్పదగిన స్థానికు లెందరుండిరి?

ఇప్పుడు పరదేశములు మన యిష్టమునకే విడుచుట లేదు. సౌదీ అరేబియా 2011లో నితాకాత్ విధానమును తెచ్చి, స్వదేశీ ఉద్యోగుల పాలును బట్టి సంస్థలను రంగుల వారీగా విభజించినది. ఘానా 2013లో చేసిన చట్టము విదేశీ వర్తకుడు కనీసము 20 మంది నిపుణులైన స్థానికులను పెట్టుకొనవలెనన్నది. చట్టమునకు వెరచి జాబితాలో పేరు వ్రాసి, పని చెప్పక ఊరక జీతమిచ్చువారును గలరు. అది ఉద్యోగము కాదు, లంచము. దాని వలన స్నేహము పుట్టదు.

స్థానికునకు మన వంట తెలియదందురు. మనకు మాత్రము పుట్టుకతో తెలిసినదా? నేర్పిన నేర్చుకొనును. అచ్చటి కొనుగోలుదారు భాషను, అధికారుల మర్యాదను, పండుగల బేరమును వాడు మనకు నేర్పును. చిన్న వ్యాపారికి ఇంతకన్న పెట్టుబడి వేరొకటి గలదా?

కావున విదేశమున కొట్టు తెరచు మన సోదరులకు మా మనవి యిది. బంధువును తీసికొనిపోవలదనము; కాని ఒక బంధువు వెంట ఒక స్థానికునైనను చేర్చుకొనుడు. ఆ దేశపు భాషలో ఒప్పందము వ్రాసి, ఆ దేశపు చట్టము చెప్పిన జీతమును తప్పక ఈయుడు. ఒకే పనికి ఇరువురకును ఒకే జీతమిండు. కొంతకాలమునకు గల్లాపెట్టె తాళపుచెవిని వానికిని నమ్మి యిండు. గోవాడలో మనము కోరు గౌరవము అదియే కదా!