సముద్రపు టెంకాయ పలుకు కొనకండి

నాటుమందులు కావాలంటే చెన్నైలో ఎవరైనా జార్జిటౌన్‌లోని రాసప్ప చెట్టి వీధి దారే చూపిస్తారు. తమిళులు కడల్ తేంగాయ్ అని, మనవాళ్లు సముద్రపు టెంకాయ అని పిలిచే కాయలోని ఎండు పలుకుకు నాటువైద్యంలో పాతకాలం నుంచీ గిరాకీ ఉంది. దాన్ని అడిగి కొనేవాళ్లకు ఒక మాట చెప్పాలి.

ఈ కాయ చెట్టు ఎక్కడుందో శతాబ్దాలపాటు ఎవరికీ తెలియదు. ఖాళీ చిప్పలు మాల్దీవులకూ మన తీరాలకూ కొట్టుకొచ్చేవి. చెట్టు సముద్రం అడుగున ఉందని నమ్మారు. మాల్దీవుల్లో దొరికిన కాయ రాజుగారి సొత్తు. ఇక్కడ ఆ చిప్ప సాధువులకు కమండలమైంది, ఫకీర్లకు భిక్షాపాత్ర అయింది. 1768లో ఫ్రెంచివాళ్లు సేషెల్స్‌లోని ప్రాలిన్ దీవిలో చెట్టును కళ్లారా చూశారు. ఆ మరుసటి ఏడే ఓడనిండా కాయలు తెచ్చి భారతదేశంలో అమ్మబోతే ధర పడిపోయింది. శాస్త్రీయ నామంలో మాత్రం ఇప్పటికీ మాల్దీవుల పేరే ఉంది: లొడాయిసియా మాల్దీవికా.

లొడాయిసియా ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. సహజంగా పెరిగేది ప్రాలిన్, క్యూరియస్ అనే రెండు దీవుల్లోనే. అడవిలో మిగిలిన పెద్ద చెట్లు సుమారు 8 వేలు. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. కాయ పండడానికి ఆరేడేళ్లు, మొలిచిన మొక్క కాపుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద విత్తనం లేదు, 25 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువుతో పచ్చికాయ నీళ్లలో మునిగిపోతుంది. తేలేది లోపల కుళ్లి డొల్లయినదే కాబట్టి, మన ఒడ్డుకు చేరిన కాయ మొలకెత్తే ప్రశ్నే లేదు. ఆ దీవుల నేల నిస్సారం. తిరగేసిన గొడుగుల్లాంటి ఆకులు వాననీటినీ పుప్పొడినీ చెత్తనీ పోగుచేసి మొదలుకు జార్చుతాయి. తల్లి అలా కూడబెట్టిన సారం మీదే పిల్ల మొక్క బతుకుతుంది. ఈ ఏర్పాటు నాకు మహా అద్భుతంగా తోస్తుంది.

పలుకు కోసం కాయ కోస్తే ఆ తల్లి కింద మొలవాల్సిన మొక్క ఉండదు. కాయల దొంగతనం అక్కడ పెద్ద బెడద. 2010లో సేషెల్స్ ఈ చెట్టును అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్పించింది. సేషెల్స్ మనకు పరాయి దేశమూ కాదు. 1770లో అక్కడ తొలి కాపురం పెట్టిన గుంపులో అయిదుగురు భారతీయులున్నారు. రాజధాని విక్టోరియాలో తమిళులు కట్టుకున్న వినాయకుడి గుడి ఉంది.

తాతలనాటి కమండలం ఇంట్లో ఉంటే భద్రంగా దాచుకోండి, అమ్మకండి. సేషెల్స్ వెళ్లి కాయ తెచ్చుకోదలిస్తే అక్కడి ప్రభుత్వ అనుమతి పత్రం ఉన్నదే తీసుకోండి. పలుకు, పొడి మాత్రం మానేయండి. అది అసలుదో నకిలీదో కొనేవాళ్లు తేల్చుకోలేరు. అసలుదే అయితే ఒక మొలక పోయినట్టే. ఒంట్లో బాగాలేకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.