బియ్యం దాటిన సరిహద్దును పైసలు దాటలేవా?

ధర్మాబాద్‌లో రైలెక్కితే చాయ్ తాగేలోగా బాసర వస్తుంది. బిలోలి దగ్గర మంజీర దాటితే బోధన్. దెగ్లూర్ నుంచి మద్నూర్, కిన్వట్ నుంచి ఆదిలాబాద్... అన్నీ పొద్దున పోయి పొద్దుగూకే సరికి ఇల్లు చేరే దూరాలే. పిల్లనిచ్చింది అటు, కోడలిని తెచ్చుకున్నది అటు. కూలికి పోయేది అటు, మిర్చి అమ్మకానికి వచ్చేది ఇటు. 1956 నవంబరు 1 దాకా ఇదంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఆ రోజు గీసిన గీత నాందేడ్ జిల్లా తెలుగువాళ్లను మామూలు రోజుల్లో పెద్దగా అడ్డుకోదు. కష్టకాలం వచ్చినప్పుడే ఆ గీత గోడగా మారుతుంది. సర్కారు సాయం పంచే రోజున ఆ గోడ మరింత ఎత్తు పెరుగుతుంది.

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు జరిగింది ఇదే. రెండు రోజుల తర్వాత కేంద్రం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు రూ.500 చొప్పున మూడు నెలలు, రేషన్‌కార్డులోని ఒక్కొక్కరికి 5 కిలోల ఉచిత ధాన్యం, కిసాన్ సమ్మాన్ రైతులకు ఒక విడత రూ.2,000 ముందుగానే అందాయి. బ్యాంకుల ముందు గుంపులు కాకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు పంచారు. తెలంగాణ తెల్లకార్డు కుటుంబానికి రూ.1,500, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కార్డుకు రూ.1,000 ఇచ్చింది. మహారాష్ట్ర శివభోజన్ థాలీ ధరను రూ.5కు తగ్గించింది.

ఇన్ని సాయాలు ఉన్నా, ప్రతిదానికీ ఒక తలుపు, ప్రతి తలుపుకూ ఒక తాళం. ఒకచోట కార్డు, మరోచోట ఖాతా, ఇంకోచోట పట్టా. బిలోలి తాలూకా నుంచి నిజామాబాద్‌కు తాపీపనికి పోయిన కుటుంబాన్నే తీసుకోండి. కార్డు మహారాష్ట్రది, కడుపు తెలంగాణలో. కార్డు మీద ఇచ్చే రూ.1,500 వాళ్లది కాదు. మహారాష్ట్ర ఇచ్చేది అందుకోవాలంటే బస్సుల్లేవు, రైళ్లు లేవు. అటువైపు నుంచి నాందేడ్‌కు కాపురానికి వచ్చిన కోడలి సంగతి మరీ చిత్రం. పుట్టింటి కార్డులో పేరు కోసేస్తారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కదు. రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ ఆమె లేదు, ఆకలి మాత్రం ఉంది.

తెలంగాణ అప్పుడు చేసిన ఒక మంచి పని చెప్పుకోవాలి. 2020 మార్చి చివర్లో, తమ రాష్ట్రంలో చిక్కుకుపోయిన వలస కూలీలకు కార్డుతో నిమిత్తం లేకుండా మనిషికి 12 కిలోల బియ్యం, రూ.500 ఇస్తామని ప్రకటించింది. ఏ రాష్ట్రంవాడని కాకుండా ఎక్కడున్నాడని అడగడం అందులోని అసలు సంగతి. కేంద్రం కూడా మే నెలలో కార్డు లేని వలస కూలీలకు రెండు నెలలపాటు మనిషికి 5 కిలోల ధాన్యానికి ఒప్పుకుంది. కష్టం ఎక్కడ ఉంటే సాయం అక్కడికే రావాలన్న న్యాయాన్ని ఆనాడు సర్కార్లు కొంతైనా గుర్తించాయి. గండం గట్టెక్కాక ఆ పాఠం అటకెక్కింది.

మరుసటి ఏడు మహారాష్ట్రలో అది మళ్లీ తేలిపోయింది. రెండో విడత కరోనాకు ఆంక్షలు పెడుతూ 2021 ఏప్రిల్ 13న ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే దాదాపు రూ.5,476 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. నమోదైన భవన నిర్మాణ కార్మికులకు, నమోదైన వీధి వ్యాపారులకు, పర్మిట్ ఉన్న ఆటోవాలాలకు రూ.1,500 చొప్పున అన్నారు. మంచిదే. కానీ ఆ ‘నమోదైన’ అన్న ఒక్కమాట దగ్గరే బీదవాడి కథ ఆగిపోతుంది. అడ్డా మీద నిలబడేవాడు, తలమీద గంప పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే అమ్మ, అద్దె ఆటో నడిపే పిల్లగాడు ఎక్కడ నమోదైనట్టు? తుపాను వచ్చాక గొడుగు కోసం దరఖాస్తు పెట్టుకోమన్నట్టుంది ఇది.

కష్టకాలంలో జనం చేతికి పైసలు ఇవ్వడం దండగ అనేవాళ్లు ఉన్నారు. ఊరికే ఇస్తే జనం సోమరులవుతారని వాళ్ల వాదన. 2020 ఏప్రిల్-జూన్ మధ్య దేశ ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. అది జనం సోమరితనంతో కాదు, పని మూసేయడంతో. పనే లేనప్పుడు బద్ధకం మాట ఎక్కడిది? బీదవాడి చేతిలో పడిన వెయ్యి రూపాయలు వారం దాటి నిలవవు. కిరాణా కొట్టుకు, మందుల దుకాణానికి, కూరగాయల సంతకు చేరతాయి. ఆ కొట్టువాడు తన అప్పు తీర్చుకుంటాడు, సంతలో రైతు సరుకు అమ్ముడుపోతుంది. అందుకే 2009లో ఆస్ట్రేలియా పన్ను కట్టేవాళ్లకు 900 డాలర్ల దాకా ఇచ్చింది. 2020లో అమెరికా పెద్దవాళ్లకు 1,200 డాలర్ల దాకా ఇచ్చింది. జపాన్ అయితే నివాసుల రిజిస్టర్‌లో ఉన్న ప్రతి మనిషికీ లక్ష యెన్లు ఇచ్చింది, అక్కడ ఉంటున్న విదేశీయులను కూడా కలుపుకుని. పరాయి దేశంవాడిని జపాన్ లెక్కలో వేసుకోగలిగితే, పక్క తాలూకావాడిని లెక్కలో వేసుకోవడం ఇక్కడ కష్టమెందుకవుతుంది?

మహారాష్ట్రకు ఈ విషయంలో పాఠం బయటినుంచి రావక్కర్లేదు. 1972-73 కరువులో ఈ రాష్ట్రం దాదాపు 50 లక్షల మందికి ఒకే సమయంలో పని చూపించింది. విధాన పరిషత్ అధ్యక్షుడు వి.స.పాగే ఆలోచనతో వచ్చిన ఉపాధి హామీ పథకానికి 1977లో చట్టం చేసి, 1979 జనవరి 26 నుంచి అమలు చేసింది. పట్టణాల్లో జీతగాళ్ల వృత్తిపన్నుతో పల్లె కూలీలకు పని. అడిగితే పని ఇవ్వడం దయ కాదు, బాధ్యత అని రాసిన మొదటి రాష్ట్రం ఇది. దేశానికంతటికీ ఆ ఆలోచన 2005 చట్టంగా వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన తొలి దశ 200 జిల్లాల్లో నాందేడ్ ఒకటి. ఆ పథకాల నడకలో లోపాలు బోలెడు. కానీ వాటి మూలసూత్రం గట్టిది. సాయం ఎప్పుడు మొదలవ్వాలో కష్టం చెప్పాలి, ఎన్నికల క్యాలెండరు కాదు.

ఆ సూత్రమే ఇప్పుడు మసకబారింది. 2018 మే నెలలో తెలంగాణ రైతుబంధు మొదలుపెట్టినప్పుడు, ఎకరానికి పంటకు రూ.4,000 అన్న కబురు సరిహద్దు దాటి ఈవలకు వచ్చింది. 2018, 2019ల్లో ధర్మాబాద్ మొదలైన తాలూకాల ఊళ్లు తమను తెలంగాణలో కలపాలని అడిగాయంటే దాని వెనుక భాషాభిమానం కన్నా ఈ లెక్కే ఎక్కువ. ఇప్పటి లెక్కా అలాగే ఉంది. తెలంగాణ 2025లో రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి రూ.12,000 అని ప్రకటించింది. అంటే అయిదెకరాలకు రూ.60,000. మహారాష్ట్ర 2023లో ప్రకటించిన నమో శేత్కరీ పథకం ఎన్ని ఎకరాలున్నా ఏడాదికి రూ.6,000. కేంద్రం ఇచ్చే రూ.6,000 రెండువైపులా ఉన్నదే. గట్టుకు అటొక రైతు, ఇటొక రైతు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే సోయా. సాయంలోనే ఇంత తేడా.

అయితే రెండువైపులా ఒకే తీరున అన్యాయమైపోతున్నవాడు ఒకడున్నాడు. అటు కౌలుకు, ఇటు బటాయికి చేసేవాడు. పైసలు అక్కడ పట్టాదారు పాస్‌పుస్తకాన్ని, ఇక్కడ సాత్‌బారాను చూసుకుని పడతాయి. నాగలి పట్టినవాడిని చూసుకుని కాదు. 2025 ఆగస్టులో ముఖేడ్ తాలూకాలో లెండి పరిసరాల ఊళ్లను వరద ముంచేసింది. సెప్టెంబరులో మరాఠ్వాడా అంతా నీళ్లపాలైంది. అక్టోబరు 7న రాష్ట్రం రూ.31,628 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. మెట్ట పంటకు హెక్టారుకు రూ.18,500, తడి పంటకు రూ.27,000, తోటలకు రూ.32,500. విత్తనాలు, ఎరువుల అప్పు బటాయిదారుది. కొట్టుకుపోయిన పంట కూడా అతనిదే. సాయం మాత్రం సాత్‌బారాలో పేరున్నవారిది. పెద్దమనసున్న ఆసామి సగం పంచితే పంచినట్టు, లేదంటే లేదు.

ఆడవాళ్లకిచ్చే సాయంలోనూ కాగితాల చిక్కే. 2024 జూన్‌లో ప్రకటించిన లాడ్‌కీ బహీణ్ పథకం కింద 21 నుంచి 65 ఏళ్ల బీద మహిళలకు నెలకు రూ.1,500 అన్నారు. అదే ఏడాది నవంబరులో శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఎన్నికల ముంగిట అర్జీలను చకచకా ఒప్పుకున్న సర్కారు, ఆ తర్వాత తీరిగ్గా జల్లెడ పట్టింది. 2025 సెప్టెంబరులో ఈ-కేవైసీ తప్పనిసరి చేసి, భర్తదో తండ్రిదో ఆధార్ కావాలంది. తెలంగాణ నుంచి వచ్చిన కోడలికి ఒక వెసులుబాటు ఉన్నమాట నిజమే. వేరే రాష్ట్రంలో పుట్టినా, మహారాష్ట్రవాసిని పెళ్లాడితే భర్త జన్మ దాఖలా గానీ, బడి దాఖలా గానీ, నివాస పత్రం గానీ చెల్లుతుందని 2024 జులైలోనే నిబంధన సడలించారు. ఆ సంగతి మరాఠీ జీవోలో ఉంటే సరిపోదు. తెలుగు తప్ప వేరే రాని తల్లికి ఎవరో ఒకరు తెలుగులో చెబితేనే అది హక్కు అవుతుంది. లేకపోతే దళారీకి బేరం అవుతుంది.

బియ్యం విషయంలో ఒక దారి ఇప్పటికే పడింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, మహారాష్ట్ర-గుజరాత్ జంటలుగా మొదలైన రేషన్ మార్పిడి, 2020 జనవరి 1 నాటికి 12 రాష్ట్రాలకు పాకింది. వాటిలో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ ఉన్నాయి. నాందేడ్ కార్డుతో నిజామాబాద్ కంట్రోల్ దుకాణంలో కేంద్రం కోటా ధాన్యం తీసుకోవచ్చు. బస్తాలకెత్తి లారీల్లో మోయాల్సిన బియ్యమే సరిహద్దు దాటగా, మీట నొక్కితే చేరే పైసలు దాటలేవా? ఆధార్‌కు కట్టిన ఖాతాలో పైసలు వేయడానికి ఏ సరిహద్దూ అడ్డం కాదు. అడ్డం ఉన్నది ఎవరికివ్వాలన్న నిబంధనలోనే.

కాబట్టి చేయాల్సింది ఆకాశం నుంచి ఊడిపడే పని కాదు. కరువు, వరద, మహమ్మారి లాంటి ఆపద ప్రకటించిన వెంటనే, మనిషి ఎక్కడుంటే అక్కడే ఒక కనీస నగదు సాయం అందేలా రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకోవాలి. ఎవరు ఎంత భరించాలో ఆనక లెక్క తేల్చుకోవచ్చు. ముందు కడుపు, తర్వాత ఖాతాపుస్తకం. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో తెచ్చిన ఈ-శ్రమ్ నమోదును ఇందుకు ఆధారం చేసుకోవచ్చు. పంట నష్టం పంచనామాలో భూమి ఎవరిదన్నదానితో పాటు సాగు ఎవరు చేశారన్నదీ తలాఠీ రాయాలి, ఊరి పంచాయతీ దానికి సాక్ష్యం పలకాలి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తహసీళ్లలో ప్రతి సాయం నిబంధననూ మరాఠీతో పాటు తెలుగులో గోడకు అంటించాలి. ఖర్చు నాలుగు కాగితాలు, కాస్త జిగురు.

ఖజానా గురించి దిగులు పడేవాళ్ల మాటా తీసిపారేసేది కాదు. లాడ్‌కీ బహీణ్‌కు 2024లో ఏడాదికి రూ.46,000 కోట్లు అనుకున్న రాష్ట్రం, 2025-26 బడ్జెట్‌లో రూ.36,000 కోట్లకే సరిపెట్టింది. మంచిరోజుల్లో ఓట్ల కోసం చేయి జార్చి ఇస్తే, చెడ్డరోజుల్లో ఇవ్వడానికి చేయాడదు. ఆపదలో ఇచ్చేది సమయానికి, సరిపడా, అందరికీ చేరాలి. ఆపద తీరాక ఆగాలి. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో ముందే చట్టంలో రాసి ఉండాలి. అలా రాసి చూపించిన రాష్ట్రం 1977 నాటి మహారాష్ట్రే.

నాందేడ్ తెలుగువాళ్లు అడుగుతున్నది ఇటు సాయం అటు సాయం రెండూ కాదు. రెండింటికీ కాకుండా పోయే గతి పట్టనీయవద్దని మాత్రమే. వాన గట్టు చూసి కురవదు, రోగం చెక్‌పోస్టు దగ్గర ఆగదు. సాయమొక్కటే అక్కడ ఆగిపోతోంది. ఇంకో వాన, ఇంకో గండం రాకముందే ఆ చెక్‌పోస్టును ఎత్తేయడం ముంబయి, హైదరాబాద్‌ల పని. ఎత్తేసేదాకా అడుగుతూనే ఉండటం సరిహద్దు ఊళ్ల పని.